కాటన్ వేసుకున్నా ఒళ్లు ఉడికిపోతోంది, తప్పు ఎక్కడుంది?

బెజవాడ_బస్సు
పోయినేడాది మే నెలంతా చెమటకాయలతో నానా యాతన పడ్డాను. అందుకని ఈసారి ఉగాది దాటగానే పాలిస్టర్, జార్జెట్, క్రేప్ అన్నీ బీరువా పైఅరలోకి ఎక్కించేశా. ఒక ఎగ్జిబిషన్‌లో నాలుగు కాటన్ కుర్తాలు కొన్నా, ఒక్కోటీ పదహారు వందలు. రోజూ బస్సులో గన్నవరం వెళ్లి వస్తాను. పొద్దున ఎనిమిదింటికే వీపు తడిసి ముద్దవుతోంది. విచిత్రం ఏంటంటే నాలుగింటిలో లేత పసుపుది ఒక్కటి హాయిగా ఉంది. మిగతా మూడు వేసుకుంటే ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టే. నాలుగూ ఒకే స్టాల్, నాలుగింటి మీదా "ప్యూర్ కాటన్" చీటీ. ఇంట్లో వేసుకునే పాత నైటీ వీటికంటే వెయ్యి రెట్లు నయం. కాటన్ చల్లగా ఉంటుందన్నది ఉత్త మాటేనా, లేక నన్ను ముంచారా?

గోదారి_గట్టు
కాటన్‌దేం తప్పు లేదండి, ఊరిదే తప్పు. బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు.

టెర్లిన్_తాత
మా రోజుల్లో టెర్లిన్ చొక్కా (అదీ పాలిస్టరే) ఉందంటే ఊళ్లో గొప్ప. నా పెళ్లికి మామగారు టెర్లిన్ గుడ్డ పెట్టారు. వైశాఖంలో ముహూర్తం, మిట్టమధ్యాహ్నం. తాళి కట్టే వేళకి చొక్కా ఒంటికి రెండో చర్మంలా అతుక్కుపోయింది. ఫోటోలో నా మొహం చూసి పెళ్లి ఇష్టం లేదేమో అనుకుంటారు అందరూ. కారణం ఆ చొక్కా. ఇస్త్రీ అక్కర్లేదు, చిరగదు అన్నారు. నిజమే, ఇప్పటికీ చిరగలేదు.

పరుగుల_పిచ్చి
నేను ఎదురు చెప్తాను, తిట్టుకోకండి. ఆర్కే బీచ్‌లో రోజూ పొద్దున పరుగెత్తుతా. కాటన్ టీషర్ట్ వేసుకుంటే మూడో కిలోమీటర్‌కే తడిసి బరువెక్కి, ఒరుసుకుని చంకల్లో మంట. జాలీలాంటి పలచటి పాలిస్టర్ జెర్సీ అయితే ఇంటికి నడిచి వచ్చేలోపే ఆరిపోతుంది. సహజమైనది మంచిది, ప్లాస్టిక్ చెడ్డది అనేది గుడ్డి నమ్మకం.

మగ్గం_నీడ
పరుగుల_పిచ్చి గారూ, ఆ జెర్సీ ఆరిపోతుంది సరే, వాసన సంగతి చెప్పండి.

పరుగుల_పిచ్చి
వాసన ఉంటుంది. ఒప్పుకుంటున్నా. మా ఆవిడ దాన్ని వేరే బకెట్‌లో నానబెడుతుంది.

ఫిజిక్స్_మాస్టారు
ఇద్దరూ చెప్పేది నిజమే, అందుకే గొడవ తెగదు. కొంచెం విడమరిచి చెప్తా, పాఠంలా ఉంటే క్షమించండి.

మన చర్మం దాదాపు 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయట గాలి 30 ఉంటే మన వేడిని పట్టుకుపోతుంది. అదే గాలి 44 ఉంటే తానే వేడి తెచ్చి మనకి ఇస్తుంది. అప్పుడు ఒంటికి దిక్కు చెమట ఒక్కటే. ఒక గ్రాము చెమట ఆవిరి కావాలంటే దాదాపు 580 కేలరీల వేడి కావాలి, దాన్ని ఒంట్లోంచే లాక్కుంటుంది. ఇక్కడ మెలిక ఏంటంటే, ఆవిరైన చెమటే చల్లబరుస్తుంది. కారి నేల మీద పడింది వృథా. కాబట్టి బట్టని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నా చెమటని ఆవిరి కానిస్తావా లేదా?

నూలు పోగు తేమని తన లోపలికి తీసుకుంటుంది. 65 శాతం తేమ ఉన్న మామూలు గాలిలో వంద గ్రాముల పొడి నూలు దాదాపు ఎనిమిదిన్నర గ్రాముల నీటిని పట్టుకుంటుంది. పట్టు 11, లినెన్ 12, ఉన్ని అయితే 16 దాకా. పాలిస్టర్ 0.4. అంటే దాదాపు సున్నా. అందుకే కాస్త చెమట పడుతున్నప్పుడు, అంటే ఆఫీసులో, బస్సులో, వంటింట్లో కాటన్ హాయి. చర్మం పక్కన ఉన్న ఆవిరిని పీల్చి బయటికి వదులుతుంది. పరుగెత్తేటప్పుడు చెమట ధారకడుతుంది. పోగులు నిండిపోయి, సందులన్నీ నీళ్లతో మూసుకుపోతే గాలి ఆడదు. విశాఖ సముద్రపు గాలిలో అది ఆరదు కూడా. అక్కడ జాలీ జెర్సీ గెలుస్తుంది.

బెజవాడ_బస్సు
మాస్టారూ, పాఠం అర్థమైంది. కానీ నేను పరుగెత్తడం లేదు, సీటు దొరికితే కూర్చునే ఉంటున్నాను. మరి నా మూడు కుర్తాల మాటేంటి?

ఫిజిక్స్_మాస్టారు
అదే ఆలోచిస్తున్నా.

గోదారి_గట్టు
సీటు దొరికిన రోజు ఎలా ఉంటుందో, నిలబడిన రోజు ఎలా ఉంటుందో విడివిడిగా రాసుకోండి. పరిశోధన అంటే అదే.

మగ్గం_నీడ
మాది మంగళగిరి. తాత, నాన్న గుంట మగ్గం మీద నేసినవాళ్లే. నేను నేర్చుకున్నా కానీ ఉద్యోగంలో పడ్డా. "కాటన్" అని ఒక్క మాట అంటే మాకు ఏమీ అర్థం కాదు. ఎంత కౌంటు, ఎంత ఒత్తుగా నేశారు, పడుగేంటి (నిలువు పోగు), పేకేంటి (అడ్డ పోగు) అని అడుగుతాం. జీన్స్ ప్యాంటూ కాటనే, దోమతెరా కాటనే, ఎద్దు మీద కప్పే దుప్పటీ కాటనే.

కౌంటు అంటే ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తాయన్న లెక్క. 80 కౌంటు అంటే ఎనభై చిలపలు. అంటే అర కిలోకి లోపు నూలు సాగదీస్తే 61 కిలోమీటర్ల పైన వస్తుంది, బెజవాడలో మొదలుపెడితే ఏలూరులో తేలతారు. కౌంటు పెరిగేకొద్దీ పోగు సన్నం. సన్న పోగుని వదులుగా నేస్తే మల్‌మల్, వాయిల్ లాంటివి వస్తాయి. బట్ట ఎండకేసి పట్టుకుంటే చిన్న చిన్న కళ్లలా వెలుతురు కనపడాలి. వెలుతురు దూరితే గాలీ దూరుతుంది. దుకాణంలో చీటీ చదవడం కంటే ఈ పని చేయండి.

ఇంకోటి. మగ్గం ఎక్కించే ముందు పడుగుకి గంజి పట్టిస్తాం, పోగు తెగకుండా. కొత్త బట్టలో అది మిగిలే ఉంటుంది. రెండు మూడు ఉతుకులు పడ్డాకే అసలు గుణం తెలుస్తుంది. మీరు ఉతక్కుండా వేసుకున్నారా?

బెజవాడ_బస్సు
లేదండి, నాలుగూ ఉప్పు నీళ్లలో నానబెట్టి జాడించే వేసుకున్నా. రంగు దిగుతుందని భయం. ఇప్పటికి నాలుగైదు ఉతుకులు పడ్డాయి. వెలుతురు పరీక్ష ఇవాళ రాత్రి చేస్తా.

సిక్కోలు_నూలు
మంగళగిరి వాళ్లు మాట్లాడాక పొందూరు ఊరుకుంటుందా? మా దగ్గర పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. దవడలోని సన్న పళ్ల మధ్య పత్తి పోగు బారులు తీరుతుంది. తర్వాత చేత్తోనే వడుకు. మర నూలు బిగిసి ఉంటుంది, చేతి నూలు కొంచెం మెత్తగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. అందుకే ఖద్దరు చెమట బాగా పీలుస్తుంది. గాంధీగారు ముచ్చటపడింది ఊరికే కాదు. ఒక పంచె కొని కట్టండి, ఫ్యాన్ ఆపేస్తారు.

గోదారి_గట్టు
ఫ్యాన్ ఆపాల్సిన పని లేదు, మా ఊళ్లో కరెంటు వాళ్లే ఆపేస్తారు. మధ్యాహ్నం రెండు గంటలు.

సిక్కోలు_నూలు
😂

చీర_చెంగు
వంద కౌంటు పంచె ధర చెప్పకుండా పొగిడితే ఎలా? మామూలు జీతగాళ్లకి అందేలా చెప్పండి.

సిక్కోలు_నూలు
నిజమే, సన్న రకాలు ఖరీదే. వడికే ఆమెకి దక్కేది మాత్రం తక్కువే, అది ఇంకో చర్చ. మొదలుపెడితే తెల్లారుతుంది.

నల్లకోటు
మీరంతా కుర్తాల గురించి బాధపడుతున్నారు. నాది వకీలు వృత్తి. మే నెల, జిల్లా కోర్టు, నల్లకోటు, మెడకి తెల్ల బ్యాండు, కదలని ఫ్యాన్. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టులు తప్ప మిగతాచోట్ల వేసవిలో కోటు తప్పనిసరి కాదు. కానీ సీనియర్ వేసుకొస్తే జూనియర్ తీసేస్తాడా? సీనియర్‌ని అడిగితే జడ్జిగారు ఏమనుకుంటారో అంటారు. మొత్తం గది ఉడుకుతూ ఉంటుంది. పైగా నలుపు ఎండని లాగేస్తుంది కదా?

ఫిజిక్స్_మాస్టారు
నలుపు సంగతి మీరు అనుకున్నంత సూటి కాదు. సినాయ్ ఎడారిలో ఉండే బెదూయిన్ తెగవాళ్లు నల్లటి అంగీలు వేసుకుంటారు. ఎందుకని కొందరు శాస్త్రవేత్తలు ఎండలో కొలిచి చూసి 1980లో నేచర్ పత్రికలో రాశారు. నల్ల అంగీ తెల్లదానికంటే ఎక్కువ వేడి పీలుస్తుంది, కానీ ఆ అదనపు వేడి ఒంటిదాకా రాకముందే పోతోంది. మనిషికి చేరే వేడి రెండింటిలోనూ ఒకటే. అంగీ వదులుగా ఉండి లోపల గాలి ఆడడం వల్ల అది సాధ్యమైంది.

నల్లకోటు
మాది వదులు కాదు మాస్టారూ. పైన బొత్తాం, మెడకి బ్యాండు. గాలి లోపలికి రావాలంటే పిటిషన్ వేసుకోవాలి.

జగిత్యాల_దుబాయ్
మాస్టారు చెప్పిన వదులు మాట నేను కళ్లతో చూస్తున్న. దుబాయ్‌లో స్కాఫోల్డింగ్ పని నాది. ఇక్కడి వాళ్ల తెల్ల కందూరా (పొడుగు అంగీ) చాలావరకు పాలిస్టర్ కలిసిన బట్టే, జపాన్ నుంచి వచ్చే రకానికి మంచి పేరు. అయినా వాళ్లకి ఉక్క పోయదు, ఎందుకంటే మెడ నుంచి మడమ దాకా వదులు. (కారులో ఏసీ ఉంటది, అది వేరే సంగతి.) మాకిచ్చే కవరాల్ (ఒళ్లంతా కప్పే పని డ్రెస్) పాలిస్టర్, కాటన్ కలిపింది, మందం. లోపల ఇంటి నుంచి తెచ్చుకున్న కాటన్ బనియన్ వేస్తా. నానిపోతే మారుస్తా, రోజుకు మూడు. నానిన బనియన్ మీదనే ఉంటే ఒరుసుకుని పుండ్లు పడతాయి, పరుగుల అన్న చెప్పింది నిజం.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని బంద్, చట్టమే ఉంది. బట్ట ఏదైనా ఆ టైమ్‌లో నీడే మందు.

ఇంకో మాట. మా నాయన ఊళ్లో ఎండాకాలం పొలం పోతే నెత్తికి రుమాలు చుట్టి, చెవులు కప్పి, నిండు చేతుల అంగీ వేస్తాడు. కోస్తా దోస్తులు వచ్చి అంత ఎండలో అంత బట్టా అని నవ్విన్రు. మధ్యాహ్నానికి వాళ్లే తువ్వాల అడిగిన్రు.

ఫిజిక్స్_మాస్టారు
మీ నాయనగారు పాఠం చదవకుండానే పాసయ్యారు. గాలి ఒంటికంటే వేడిగా, పొడిగా ఉన్నచోట ఒళ్లు కప్పుకోవాలి, వడగాడ్పు నేరుగా తగలకూడదు. చెమట ఎలాగూ టక్కున ఆరుతుంది. కోస్తాలో గాలి అంత వేడి ఉండదు కానీ తేమ నిండి ఉంటుంది. అక్కడ బట్ట ఎంత తగ్గితే, ఎంత పలచనైతే అంత మేలు. ఒకరి సలహా ఇంకొకరికి పనికిరాకపోవడానికి కారణం అదే.

అరుగుమీద_బామ్మ
మనవరాలు చదివి వినిపిస్తోంది, నేను చెప్తే టైపు చేస్తోంది. గంజి గురించి ఎవరూ మాట్లాడరేం? చీరకి పలచగా గంజి పెట్టి ఆరేస్తే ఒంటికి అంటుకోకుండా నిలబడుతుంది. చీరకీ ఒంటికీ మధ్య గాలి తిరుగుతుంది. నలభై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను, ఒక్క రోజు వీపు తడవలేదు.

చీర_చెంగు
బామ్మగారూ, గంజి పెడితే బట్టలో సందులు మూసుకుపోవూ? మా డాక్టర్ చెమటకాయలప్పుడు గంజి వద్దన్నారు.

అరుగుమీద_బామ్మ
పలచగా అన్నాను తల్లీ. అట్ట ముక్కలా ఇస్త్రీ చేయించి కట్టేవాళ్ల సంగతి నాకు తెలీదు. రోహిణి కార్తెలో అసలు పెట్టేదాన్ని కాదు, ఉతికి మెత్తబడ్డ చీరే కట్టేదాన్ని.

మగ్గం_నీడ
బామ్మగారి మాటే నాది. గంజి ఎక్కువైతే బట్టలోని కళ్లు మూసుకుంటాయి, లేకపోతే నానిన చీర కాళ్లకి చుట్టుకుంటుంది.

గోదారి_గట్టు
అసలు గంజి ఎక్కడుంది? కుక్కర్ వచ్చాక వార్చేవాళ్లు ఎవరు?

అరుగుమీద_బామ్మ
సగ్గుబియ్యం కాయండి నాయనా. అన్నీ చెప్పాలి.

బెజవాడ_బస్సు
వెలుతురు పరీక్ష చేశా. పసుపు దాంట్లోంచి ట్యూబ్‌లైట్ చక్కగా కనపడింది. మిగతా మూడింటిలోంచి ఏమీ కనపడలేదు. కానీ చేత్తో తడిమితే పైబట్ట నాలుగింటిదీ ఒకేలా ఉంది. బుర్ర తిరుగుతోంది.

కత్తెర_టేపు
ఇన్ని పోస్టులు చదివాను, ఒక్కరూ అడగలేదు. గుంటూరులో ఇరవై రెండేళ్లుగా లేడీస్ టైలర్‌ని. బెజవాడ_బస్సు గారూ, ఆ మూడింటికీ లోపల లైనింగ్ ఉందా?

బెజవాడ_బస్సు
ఉంది. పసుపు దానికి లేదు. అయ్యో.

కత్తెర_టేపు
ఇంకేం, దొరికింది దొంగ. రెడీమేడ్‌లో పైబట్ట కాటన్ అయితే చీటీ మీద కాటన్ అని వేసేస్తారు, లోపలిదాన్ని లెక్కలోకి తీసుకోరు. లైనింగ్ చాలావరకు చవక పాలిస్టర్ క్రేప్. ఒంటికి తగిలేది అదే. పైన మంగళగిరి, లోపల గోనెసంచి కాదు, గోనెసంచి నయం, అది నారే కదా. నా దగ్గరికొచ్చే వాళ్లు మూడు వేల చీర తెస్తారు, మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్‌కి లైనింగ్ మాత్రం ఇరవై రూపాయలు తక్కువని మెరిసే రకం తెస్తారు. "కాటన్ లైనింగ్" అని నోరు తెరిచి అడగాలి. తెచ్చాక రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి జాకెట్ ముడతలు పడుతుంది. అప్పుడు టైలర్‌ని తిడతారు.

చీర_చెంగు
లంగా సంగతి కూడా చెప్పండక్కా. కాటన్ చీర కట్టి లోపల సాటిన్ లంగానో, ఈమధ్య వచ్చిన ఆ బిగుతు షేప్‌వేరో వేసుకుని ఉక్కపోస్తోందని ఏడ్చేవాళ్లలో నేనూ ఉన్నా. నడుము చుట్టూ దద్దుర్లు వచ్చాక పాప్లిన్ లంగాలకి మారిపోయా. చీర మునుపటంత సన్నగా కనపడదు. కనపడకపోతే పోయె.

కత్తెర_టేపు
సన్నగా కనపడాలా, చల్లగా ఉండాలా అని నేను అందరినీ అడుగుతా. తొంభై మంది మొదటిదే అంటారు. తర్వాత పౌడర్ డబ్బాలు కొంటారు.

నల్లకోటు
అక్కా, కోటు లైనింగ్ కూడా పాలిస్టరేనా?

కత్తెర_టేపు
తమ్ముడూ, జారుడుగా, పట్టులా మెరుస్తోందంటే అదే. సగం లైనింగ్‌తో కుట్టించుకో, వీపు పైభాగం, భుజాలు చాలు. మా ఆయన చాలామంది వకీళ్లకి అలాగే కుడతారు.

నల్లకోటు
ఈ చర్చలో నాకు దొరికిన మొదటి ఉపశమనం.

పరుగుల_పిచ్చి
నిర్ధారించుకోవాలంటే లైనింగ్ అంచు నుంచి రెండు పోగులు లాగి కాల్చి చూడండి. నూలు అయితే కాగితం కాలిన వాసన, బూడిద వేళ్లతో నలిపితే పొడి. పాలిస్టర్ ముడుచుకుని కరిగి నల్లటి గట్టి పూస అవుతుంది. పట్టు అయితే వెంట్రుక కాలిన కంపు.

ఫిజిక్స్_మాస్టారు
ఒక సవరణ. రేయాన్ కూడా కాగితంలాగే కాలుతుంది, చెక్క గుజ్జు నుంచి తీసిన సెల్యులోజే కదా. కాబట్టి కాలితే కాటనే అనుకోకండి. కరిగితే మాత్రం పాలిస్టరో నైలానో, అనుమానం లేదు. రేయాన్ ఎండకి చెడ్డదేం కాదు, తేమ బాగానే పీలుస్తుంది. తడిస్తే బలం తగ్గుతుంది, మెలిపెట్టి పిండకండి.

గోదారి_గట్టు
సింక్ దగ్గర, పట్టకారుతో పట్టుకుని కాల్చండి. మా తమ్ముడు కర్టెన్ పక్కన నిలబడి చేశాడు. కర్టెన్ పాలిస్టర్ అని అప్పుడే తెలిసింది.

చీర_చెంగు
😂😂

సిక్కోలు_నూలు
ఉతికేటప్పుడు మెత్తదనం కోసం వాసన లిక్విడ్ పోస్తారు చూడండి, అదీ మానండి. పోగు మీద పూతలా పేరుకుని నీరు పీల్చకుండా చేస్తుంది. మా ఇంట్లో తువ్వాళ్లు అలాగే పాడయ్యాయి. స్నానం చేసి తుడుచుకుంటే నీళ్లు ఒంటి మీదే ఉండేవి.

బెజవాడ_బస్సు
అదీ పోస్తున్నా. ఇవాళ్టి నుంచి బంద్.

జగిత్యాల_దుబాయ్
అక్కా, రిజల్ట్ పెట్టు. ఇక్కడ క్యాంప్‌లో మా గది వాళ్లు కూడా అడుగుతున్నరు. వంట చేసుకుంటూ చదివి వినిపించిన.

బెజవాడ_బస్సు
వారం తర్వాత వచ్చా, ఆలస్యానికి క్షమించండి. పోగులు కాల్చాను. పైబట్ట కాగితంలా కాలింది, లైనింగ్ నల్లపూస అయింది. మా వీధిలో టైలర్‌కి ఇస్తే మూడింటికీ లైనింగ్ విప్పడానికి నూట ఎనభై తీసుకున్నాడు. ఒకటి మరీ పలచగా ఉందని ఛాతీ వరకు కాటన్ లైనింగ్ వేయించా, రాత్రంతా నానబెట్టాకే (కత్తెర_టేపు గారికి దండం). నాలుగు రోజులుగా వేసుకుంటున్నా. బస్సు దిగేసరికి వీపు తడుస్తోంది, అబద్ధం చెప్పను, బెజవాడ బెజవాడే. కానీ స్టాఫ్‌రూమ్‌లో ఫ్యాన్ కింద పది నిమిషాలు కూర్చుంటే ఆరిపోతోంది. ఇంతకుముందు మధ్యాహ్నం దాకా అలాగే అంటుకుని ఉండేది. మెడ కింద చెమటకాయలు కూడా మాడిపోతున్నాయి.

కత్తెర_టేపు
నూట ఎనభై ఎక్కువ తీసుకున్నాడు.

మగ్గం_నీడ
ఎగ్జిబిషన్ వాళ్ల మాటేంటి మరి? అడిగారా?

బెజవాడ_బస్సు
ఫోన్ చేశా. "మేడమ్, మేం ప్యూర్ కాటన్ అన్నది కుర్తాని, లైనింగ్‌ని కాదు" అన్నారు. వకీలు గారూ, కేసు వేయొచ్చా?

నల్లకోటు
వేయొచ్చు. జూన్ తర్వాత అయితే నేను కూడా వస్తా.

చీర_చెంగు
విప్పిన లైనింగ్ బట్ట ఏం చేశారు? పడేశారా?

బెజవాడ_బస్సు
ఊరికే పోతుందని గ్యాస్ గట్టు తుడవడానికి పెట్టుకున్నా. నీళ్లు పీల్చడం లేదు, అటూ ఇటూ నెడుతోంది.